ఫౌజు ఎవరిది, పద్దు ఎవరిది

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ మెట్లబావికి వచ్చేవాళ్ళు మెట్లు చూసి, నీళ్ళు చూసి, నాలుగు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తంతా తోడేసి 2022 డిసెంబరులో మళ్ళీ తెరిచాక ఈ బావి ఊరందరికీ తెలిసింది. ఒకప్పుడు ఈ చోటు నాగన్నకుంట. 1933లో సేఠ్ బన్సీలాల్ డబ్బుతో ఇక్కడ ఒక ఆదర్శవాడ వెలిసింది, పేటకు ఆయన పేరే నిలిచింది. దాన్ని ప్రారంభించింది మాత్రం నిజామూ కాదు, ఆయన దివానూ కాదు. బ్రిటిష్ రెసిడెంటు టి.హెచ్. కీస్. నేల నిజాంది, సొమ్ము సేఠ్‌ది, పెత్తనం దొరది.

ఈ వింత ఏర్పాటు ఎక్కణ్ణుంచి వచ్చిందని తవ్వుతూ పోతే కింద తగిలేది సైన్యం ఖర్చు. దేశం తన రక్షణకు చాలినంత ఖర్చు పెడుతోందా అని ఇప్పుడు ప్రతి బడ్జెట్‌కీ వాదించుకుంటాం. సికింద్రాబాద్ అనే ఊరు పుట్టిందే ఆ ప్రశ్నకు ఒక రాజు చెప్పుకున్న జవాబులోంచి.

మొదట్లో డబ్బు ఇటునుంచి అటు పోలేదు, అటునుంచే ఇటు వచ్చేది. 1766 ఒప్పందంలో ఉత్తర సర్కారులు తీసుకున్న ఈస్టిండియా కంపెనీ అందుకు బదులుగా నిజాంకు ఏటా పేష్కష్ కట్టడానికి ఒప్పుకుంది. అవసరమైనప్పుడు సైన్యాన్నీ పంపుతామంది. ఆ అవసరం 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు మీద పడ్డప్పుడు వచ్చింది. గవర్నర్ జనరల్ జాన్ షోర్ ఇది మాకు సంబంధం లేని తగాదా అని తప్పుకున్నాడు. నిజాం అలీఖాన్ ఓడిపోయాడు. కోపంతో ఇంగ్లీషు పటాలాలను పంపేసి, ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన దళాన్ని పెంచాడు. మూసారాంబాగ్‌కు ఆ రేమండ్ పేరే పెట్టారని పాతబస్తీ వాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

సొంత సైన్యం అనదగ్గది ఏదైనా హైదరాబాద్‌కు ఉందంటే అది ఆ మూడేళ్ళే. అప్పుడూ అధికారులు పరాయివాళ్ళే అనుకోండి, జీతం ఇచ్చే చెయ్యీ ఆజ్ఞ ఇచ్చే నోరూ మాత్రం ఒకరివే. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. టిప్పుకు ఫ్రెంచివాళ్ళు తోడవుతారన్న భయంలో ఉన్న కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి అదను దొరికింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న కొత్త సంధి కుదిరింది: ఆరు కంపెనీ పటాలాలు నిజాం రాజ్యంలో ఉంటాయి, వాటి ఖర్చు కింద నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి, ఫ్రెంచి దళం రద్దవాలి. అక్టోబరులో ఆ దళం చేతిలోని తుపాకులు ఒక్క గుండు పేలకుండా కింద పెట్టించారు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ చాకచక్యం కొంత పనిచేసింది, నిజమే. అంతకన్నా ఎక్కువ పనిచేసింది బాకీ జీతాలు. సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. సైన్యం మీద ఖర్చు తగ్గితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆరు పటాలాలు ఎనిమిదయ్యాయి, గుర్రపు దళాలు రెండు చేరాయి. ఇక ఏటా రొక్కం కట్టే గొడవ వద్దని, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలను నిజాం 1800 అక్టోబరు 12 సంధిలో కంపెనీకి శాశ్వతంగా ఇచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు అలా దత్తమండలాలయ్యాయి. మన్రో దొర కలెక్టరుగా వచ్చాడు. 1928 నంద్యాల సభలో రాయలసీమ అని పేరు మార్చుకునేదాకా ఆ సీమ జనం, తమను అడక్కుండా ఎవరో ఎవరికో ఇచ్చిన గుర్తును పేరులోనే మోశారు. ఒక రాజు రక్షణ బడ్జెట్‌కు నాలుగు జిల్లాలు ఖర్చు రాశారన్నమాట.

ఆ పటాలాలు దిగిన చోటే హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఉన్న మైదానం. 1806లో దానికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది లష్కరే. ఈ ఊరి ఉజ్జయినీ మహంకాళి కూడా సైన్యంతోనే వచ్చింది. 1813లో పటాలంతో ఉజ్జయిని వెళ్ళిన డోలీ బోయీ సురిటి అప్పయ్య, కలరా తగ్గితే అమ్మవారికి గుడి కడతానని మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో విగ్రహం నిలిపాడని చెబుతారు. ఫౌజు ఖర్చులో ఊరికి నిలిచిన లాభం ఏదైనా ఉంటే లష్కర్ బోనాలే కావచ్చు.

1800 సంధిలో ఇంకో మాట ఉంది. యుద్ధం వస్తే నిజాం తన సొంత సైన్యంలోంచి 6,000 కాల్బలాన్నీ 9,000 గుర్రాలనూ కంపెనీకి తోడు పంపాలి. యుద్ధం వస్తేనే. రెసిడెంటు హెన్రీ రస్సెల్, పేష్కార్ చందూలాల్ కలిసి దీన్ని శాంతికాలంలోనూ నడిచే పటాలంగా మార్చారు. ముందు రస్సెల్ బ్రిగేడ్, తరువాత హైదరాబాద్ కంటింజెంట్. జీతం నిజాంది, అధికారులు ఇంగ్లీషువాళ్ళు, ఆజ్ఞ రెసిడెన్సీది. ఏటా నలభై లక్షల దాకా ఖర్చు. సొంత కొలువులో కన్నా ఇక్కడ భత్యాలు దండిగా ఉండటంతో కంపెనీ కుర్రాళ్ళు ఇక్కడికి సిఫార్సు ఉత్తరాలు పట్టుకొచ్చేవాళ్ళు.

ఖజానాలో అంత సొమ్ము లేదు. అప్పు ఇవ్వడానికి 1814లో పెట్టిన విలియం పామర్ కంపెనీ సిద్ధంగా ఉంది. వడ్డీ నూటికి ఏడాదికి పాతిక దాకా. ఇంగ్లీషువాళ్ళు దేశీయ రాజులకు అప్పివ్వకూడదని చట్టం ఉన్నా, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పామర్‌కు మినహాయింపు ఇచ్చాడు. ఆ కంపెనీ భాగస్తుడు రంబోల్డ్, హేస్టింగ్స్ పెంచిన పిల్లకు మొగుడు. రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఈ లంకెలన్నీ బయటపెట్టేసరికి బాకీ కొండంతయింది. దాన్ని తీర్చడానికి 1823లో, సర్కారుల మీద ఏటా రావలసిన ఏడు లక్షల పేష్కష్‌ను 1,16,66,666 రూపాయలకు కంపెనీకే వదులుకున్నారు. కంపెనీ నుంచి వచ్చే ఒక్క రాబడీ పోయింది, ఫౌజు ఖర్చు అలాగే ఉంది.

1853 మే నాటికి కంటింజెంట్ బాకీ కింద బీరారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ కంపెనీ చేతికి వెళ్ళిపోయాయి. శాంతికాలంలో ఈ సైన్యాన్ని పోషించే బాధ్యత సంధి ప్రకారం నిజాంకు లేదని గవర్నర్ జనరల్ డల్హౌసీ తన మినిట్‌లో తానే రాసుకున్నాడు. రాసి, జిల్లాలు తీసుకున్నాడు. ఆ సంధి జరిగిన కొద్ది రోజులకే దివాన్ అయిన సాలార్‌జంగ్ ఆ లెక్కను జీవితమంతా వదల్లేదు. సికింద్రాబాద్, జాల్నాల్లో కల్లు, సారా మీద వచ్చిన ఆబ్కారీ రాబడిని కంపెనీ దశాబ్దాలపాటు తన ఖాతాలో వేసుకుందని, న్యాయంగా నిజాంకు చెందాల్సిన ఆ సొమ్మును జమ కడితే బాకీయే ఉండదని ఆయన వాదన. అంటే లష్కర్ సిపాయి తాగిన కల్లు మీది పన్ను దొరకు, అతని జీతం నిజాం పద్దుకు. ఈ వాదనతో 1876లో ఆయన లండన్ దాకా వెళ్ళినా బీరారు తిరిగి రాలేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు.

ఇంత ఖర్చుకు దక్కిన రక్షణ ఏది? 1857 తిరుగుబాటులో కంటింజెంట్ బ్రిటిష్ సేనాని హ్యూ రోజ్ వెంట మధ్య హిందుస్థానంలో పోరాడింది, అదీ నిజాం శత్రువుల మీద కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో నిజాం సొమ్ముతో విమానాలు సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో యుద్ధంలో ఆ పేరు మోసినవి 152, 253 స్క్వాడ్రన్లు. ఇంగ్లండు ఆకాశానికి కాపలా కాసిన విమానాల మీద హైదరాబాద్ పేరు ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చినప్పుడు హైదరాబాద్ ఆకాశంలో హైదరాబాద్ విమానం ఒక్కటీ లేదు. ఇరవై రెండు వేల సైన్యం ఉన్నా అందులో సరైన శిక్షణ పొందినవాళ్ళు కొద్దిమంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో దొంగచాటుగా తెచ్చిపెట్టిన తుపాకులు కొన్ని. 13న మొదలైన పోరు 17కల్లా ముగిసింది, 18న హైదరాబాద్ సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. తుపాకులు ఎన్ని ఉన్నా ఆ రాజ్యం నిలిచేది కాదని నా అభిప్రాయం. రజాకార్లను ఊళ్ళ మీదికి వదిలి, తెలంగాణ రైతులతో తలపడుతున్న సర్కారును కాపాడాలని అప్పటికి ఎంతమంది కోరుకున్నారు?

ఈ కథంతా తెలిసినవాడికి శాతాల వాదన కొంచెం పొడిగా అనిపిస్తుంది. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు ఇచ్చారు, జీడీపీలో దాదాపు 1.9 శాతం. పార్లమెంటు స్థాయీ సంఘం 3 శాతం కావాలంటోంది. 2014లో 2 శాతం గీత గీసుకున్న నాటో దేశాలు 2035కల్లా 5 శాతానికి చేరతామని 2025లో హేగ్‌లో ఒప్పుకున్నాయి. నిజాం వాటాను ఇలా శాతాల్లో లెక్కేస్తే ఎవరికీ తీసిపోడు. చూడవలసింది ఆ 6.81 లక్షల కోట్ల లోపల. అందులో 1.6 లక్షల కోట్లు పింఛన్లకే పోతాయి. కొత్త ఆయుధాలు, పరికరాల వంటి మూలధన ఖర్చు 1.8 లక్షల కోట్లు. పింఛను సిపాయి హక్కు, దాన్ని తగ్గించమనడం లేదు. కంచన్‌బాగ్‌లో క్షిపణుల మీద పనిచేసే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే బీడీఎల్ లాంటి సంస్థలకు ఎంత చేరుతోంది, బయటి దేశాల నుంచి కొనడానికి ఎంత పోతోంది, విడిభాగాల కోసం రేపు ఎవరి దయ మీద ఉంటాం అన్నవి 3 శాతం కన్నా ముందు అడగాల్సినవని నాకు తోస్తుంది. ఆ 24,17,100 రూపాయల్లోనూ అసలు ప్రశ్న తక్కువా ఎక్కువా అన్నది కాదు, ఆ ఫౌజు ఎవరి ఆజ్ఞలో ఉందన్నది.

నిజాం పద్దులో చివరి వరుస మాత్రం మొన్నమొన్నటిదాకా తెరిచే ఉంది. లొంగిపోయిన రెండు రోజులకు, 1948 సెప్టెంబరు 20న, నిజాం ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ బ్యాంకులోని పది లక్షల పౌండ్లకు పైగా సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్చాడు. అది హైదరాబాద్‌కు సమకూర్చిన ఆయుధాల వెల అని పాకిస్తాన్ వాదించింది. భారతదేశం, నిజాం వారసులు ఒకవైపు, పాకిస్తాన్ మరొకవైపు నిలిచిన ఆ వ్యాజ్యంలో 2019 అక్టోబరు 2న లండన్ న్యాయమూర్తి మార్కస్ స్మిత్ పాకిస్తాన్ వాదనను కొట్టేశాడు. సొమ్ము అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లయింది.