చిరిగిన కాగితాల నుంచి తర్జుమాన్ దాకా

రాసేవాళ్లకు కలం ఆగిపోవడం కొత్తేం కాదు. ఒక్కోసారి నెలలు గడిచినా ఒక్క వాక్యం కదలదు. అలాంటప్పుడు నాకు మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి 'తర్జుమానుల్ ఖుర్ఆన్' గుర్తొస్తుంది. దాంట్లోని ఇల్మ్ గురించి ఉలమా చెప్తారు. ఆ కితాబ్ ఎన్నిసార్లు ఆగి, ఎలా మళ్లీ మొదలైందో మాత్రం నేను చెప్తాను.

1916లో బెంగాల్ సర్కారు మౌలానాను కలకత్తా విడిచి పొమ్మంది. రాంచీ వెళ్తే అక్కడ నజర్‌బంద్ చేశారు. ఖుర్ఆన్ తర్జుమా, తఫ్సీర్ పని అప్పటికే నడుస్తోంది. పోలీసులు సోదాలు చేసి కాగితాలు పట్టుకుపోయారు. పోయినదాన్ని ఆయన మళ్లీ రాశారు. 1921లో అరెస్టు చేసినప్పుడు అవీ జప్తయ్యాయి. విడుదలయ్యాక చేతికొచ్చింది చిరిగి, కలిసిపోయిన కాగితాల కుప్ప.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన దాని జోలికి పోలేకపోయారు. కొత్తది రాయడానికి జోష్ ఉంటుంది. దిల్ పెట్టి ఒకసారి రాసినదాన్నే మళ్లీ రాయాలంటే, ప్రతి పేజీ పోయినదాన్నే గుర్తు చేస్తుంది. 1927లో మళ్లీ కూర్చున్నారు. మొదట్లో మనసు మొరాయించింది. పని సాగేకొద్దీ తబియత్ దారికొచ్చింది. 1930లో మీరట్ జైల్లో ఉండగా మొదటి జిల్ద్ పూర్తయింది. రెండోది 1936లో వచ్చి, సూరా అల్ ముమినూన్‌తో ఆగింది. మొత్తం ఖుర్ఆన్ పూర్తి కాలేదు. అయినా ఈరోజు మన చేతిలో ఉన్నది, ఆయన విసుగ్గానైనా మళ్లీ మొదలుపెట్టినదే.

1942 ఆగస్టులో అహ్మద్‌నగర్ కోటలో ఖైదు. ఫజర్‌కు ముందే లేచి, తన చాయ్ తానే కాచుకుని, దోస్త్‌కు ఖత్ రాయడం ఆదత్ చేసుకున్నారు. ఆ దోస్త్ హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ గారు, మన హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ తొలి వైస్ ఛాన్సలర్. ఖత్‌లు బయటికి పోయే వీల్లేదు. అయినా రాశారు.

1943 ఏప్రిల్ 9న కలకత్తాలో బేగం జులైఖా సాహెబా ఇంతెఖాల్ అయ్యారు. ఆమె బీమారీగా ఉన్నప్పుడు దరఖాస్తు ఇస్తే పైకి పంపుతానని జైలు అధికారి అన్నా, మౌలానా సర్కారును అడగలేదు. ఆఖరి చూపూ దక్కలేదు. ఏప్రిల్ 11న ఆ గమ్‌నే ఖత్‌గా రాశారు. ఆ తర్వాతా కలం పెట్టెలో పెట్టలేదు. ఆ ఖత్‌లే 1946లో 'గుబారే ఖాతిర్'గా అచ్చయ్యాయి.

నాకు ఇందులో పనికొచ్చేది చిన్న సంగతే. ఒక వేళ, ఒక చాయ్, ఎదురుగా ఉన్నట్టు అనుకోవడానికి ఒక మనిషి. కలం ఆగిపోయిన రోజున అఫ్సానా, మజ్మూన్ అని బరువు పెట్టుకోకుండా అమ్మీకో, ఊళ్లో ఉన్న ఖాలాకో ఒక ఖత్ మొదలుపెడతాను. పోస్టు చేయాలన్న షర్త్ లేదు. నాలుగు వాక్యాలు దాటాక, ఆగిపోయిన మాట ఎక్కడుందో తెలుస్తుంది.