ఔషధ పేటెంటు గడువు – మార్కెట్ ప్రత్యేక హక్కు

ఔషధ పేటెంటు, మార్కెట్ ప్రత్యేక హక్కు వేర్వేరు కార్యాలయాలు ఇచ్చే రెండు వేర్వేరు రక్షణలు. పేటెంటు కార్యాలయం ఆవిష్కరణకు ఇచ్చే హక్కు దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు ఉంటుంది గానీ, మందును మనుషులపై పరీక్షించి అనుమతి పొందేసరికే అందులో చాలా ఏళ్లు కరిగిపోతాయి. ప్రత్యేక హక్కు అలా కాదు. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతి ఇచ్చిన రోజు నుంచి లెక్కగట్టి, కొత్త అణువుకు 5 ఏళ్లు, అరుదైన వ్యాధి మందుకు 7 ఏళ్లు, జీవకణాల నుంచి తయారయ్యే బయోలాజిక్ మందుకు 12 ఏళ్లు ఇస్తుంది.

అక్కడ 1984లో వచ్చిన హాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం, జెనెరిక్ (అసలు మందుకు సమానమైన నకలు) తయారీదారు తన మందు రక్తంలోకి అసలు మందు చేరినంత మేరకే, అంతే వేగంతో చేరుతుందని నిరూపిస్తే చాలు, పెద్ద ప్రయోగాలన్నీ మళ్లీ చేయనక్కర్లేదు. పేటెంటు చెల్లదని సవాలు చేస్తూ మొదట దరఖాస్తు పెట్టినవారికి 180 రోజుల పాటు ఇతర జెనెరిక్‌ల పోటీ ఉండదు.

మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సిటిన్ విషయంలో ఈ మెలికలన్నీ కనిపిస్తాయి. ఎలీ లిలీ సంస్థ ప్రొజాక్ పేరుతో అమ్మిన ఈ మందుపై ఒక పేటెంటు 2001 ఫిబ్రవరితో ముగియాల్సి ఉండగా, మరొకటి 2003 డిసెంబరు దాకా ఉండేది. జెనెరిక్ తయారీదారు బార్ సంస్థ సవాలు చేయగా, ఒకే విషయానికి రెండోసారి రక్షణ కోరినట్టుందని అప్పీలు కోర్టు 2000 ఆగస్టులో ఆ రెండోదాన్ని కొట్టేసింది. అయినా, పిల్లలపై అధ్యయనం చేసినందుకు లిలీకి అదనంగా 6 నెలల ప్రత్యేక హక్కు దక్కడంతో, పేటెంటు ముగిశాక కూడా 2001 ఆగస్టు వరకు జెనెరిక్‌లు ఆగాల్సి వచ్చింది. తొలి సవాలుదారుకు దక్కే 180 రోజుల హక్కు మోతాదును బట్టి విడివిడిగా వర్తించడంతో 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌పై ఆ 180 రోజులు బార్‌కు, 40 మిల్లీగ్రాముల దానిపై హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్‌కు దక్కాయి. ఇలాంటి హక్కు పొందిన తొలి భారతీయ కంపెనీ అదే. రోగికి నిజంగా మేలు జరిగేది ఈ గడువు కూడా దాటి, పలువురు తయారీదారులు పోటీకి దిగి ధర బాగా పడిపోయాకే.

భారత్‌లో 1970 నాటి చట్టం మందుకు కాక తయారీ విధానానికే పేటెంటు ఇచ్చింది. హైదరాబాద్ ఔషధ పరిశ్రమ ఎదిగింది అదే మందును వేరే విధానంలో తయారు చేసుకునే ఆ వెసులుబాటు మీదనే. 2005లో మందుకే పేటెంటు ఇవ్వడం మొదలైనా, పాత అణువుకు చిన్న మార్పు చేసి గడువు పొడిగించుకోవడాన్ని సెక్షన్ 3(డి) అడ్డుకుంటుంది. కేన్సర్ మందు గ్లివెక్‌పై నొవార్టిస్ కోరిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది ఈ సెక్షన్ ఆధారంగానే.