పంప్ లేని బైపాస్: తీర్పు పద్ధతి మీదా, చేతి మీదా?

కరోనరీ బైపాస్‌ను హార్ట్-లంగ్ మెషిన్ (పంప్) సాయంతో చెయ్యాలా, కొట్టుకుంటున్న గుండె మీదే చెయ్యాలా అన్న వివాదాన్ని 2009 నాటి రూబీ ట్రయల్ తేల్చేసిందని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలోని 18 వెటరన్స్ వైద్యకేంద్రాల్లో 2,203 మందిపై జరిగిన ఆ పరిశీలనలో, ఏడాది తర్వాత తెరుచుకుని ఉన్న బైపాస్ నాళాలు, అంటే గ్రాఫ్ట్‌లు పంప్‌తో చేసినవారిలో 87.8 శాతం, పంప్ లేకుండా చేసినవారిలో 82.6 శాతం. అయిదేళ్ళకు మరణాలు మొదటి వర్గంలో 11.9 శాతం, రెండో వర్గంలో 15.2 శాతం. ఈ అంకెలను నేను కాదనడం లేదు. వాటి ఆధారంగా పంప్ లేని పద్ధతే లోపభూయిష్టమని తేల్చడంతోనే నా పేచీ. మాత్ర ఎవరు మింగించినా మందు మారదు. ఆపరేషన్ అలా కాదు, చేసే చెయ్యి కూడా అందులో భాగమే.

ఆ చెయ్యి ఎదుర్కొనే పని ఎలాంటిదో చూడాలి. గుండె ముందువైపున్న ఎల్‌ఏడీ ధమనికి గ్రాఫ్ట్ వెయ్యడం కొంత సులువు. వెనకవైపు సర్కమ్‌ఫ్లెక్స్ కొమ్మలను చేరాలంటే గుండెను పైకెత్తి పక్కకు తిప్పాలి. అలా తిప్పగానే కుడి జఠరిక నొక్కుకుపోయి రక్తపోటు పడిపోవచ్చు. గుండెను కదలనివ్వని స్టెబిలైజర్ పట్టి ఉంచిన ఆ కాస్త మేరలో, ఒకటిన్నర మిల్లీమీటర్ల ధమనికి, వెంట్రుకకన్నా సన్నని దారంతో కుట్లు పడాలి. అనస్థీషియా వైద్యుడికీ సర్జన్‌కూ పొత్తు కుదరకపోతే ఆ కుట్టు సాగదు. రూబీలో చేరడానికి సర్జన్‌కు 20కి మించి పంప్ లేని ఆపరేషన్ల అనుభవం ఉంటే చాలన్నారు. ఫలితంగా 12.4 శాతం కేసులను మధ్యలో పంప్ మీదకు మార్చవలసి వచ్చింది. అనుకున్నదానికన్నా తక్కువ గ్రాఫ్ట్‌లతో ముగిసినవి పంప్ లేని వర్గంలో 17.8 శాతం, పంప్ వర్గంలో 11.1 శాతం. వెయ్యవలసిన గ్రాఫ్ట్ వెయ్యకపోతే ఆ మేర కండరానికి రక్తం అందదు. రూబీ కొలిచింది ఇంకా కుదురుకోని చేతులనే.

19 దేశాల్లో, భారత కేంద్రాలు సహా, 4,752 మందితో జరిగిన ‘కరోనరీ’ అనే ట్రయల్ ఈ తేడాను బయటపెట్టింది. అక్కడ తాను చేసే పద్ధతిలో వందకు పైగా ఆపరేషన్లు చేసిన సర్జన్‌కే అవకాశం; శిక్షణలో ఉన్నవారిని ప్రధాన సర్జన్‌గా అనుమతించలేదు. పంప్ మీదకు మారినవి 7.9 శాతానికి తగ్గాయి. అయిదేళ్ళకు మరణం, పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ వైఫల్యం, మళ్ళీ బైపాస్ లేదా స్టెంట్ అన్నీ కలిపి చూస్తే పంప్ లేనివారిలో 23.1 శాతం, పంప్ వర్గంలో 23.6 శాతం: రెండూ దాదాపు సమానమే. మొదటి నెలలో రక్తం ఎక్కించే అవసరం, కిడ్నీకి తగిలే దెబ్బ పంప్ లేనివారిలో తక్కువ. రూబీలో శిక్షణలో ఉన్న రెసిడెంట్ల ఫలితాలకూ సీనియర్ల ఫలితాలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదన్న అభ్యంతరం ఉంది. కానీ రెసిడెంట్ పక్కన నిలబడే సీనియర్‌కే ఈ పద్ధతిలో అనుభవం పరిమితమైనప్పుడు ఆ పోలిక అనుభవాన్ని కొలవలేదు.

మన దేశంలో బైపాస్‌లలో ఎక్కువ భాగం పంప్ లేకుండానే జరుగుతాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఈ ఆపరేషన్ తెలుగు జిల్లాల పేద కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చింది. కాబట్టి ఇక్కడ ప్రశ్న పంప్ ఉందా లేదా అన్నది కాదు. ఏ సర్జన్ ఏ పద్ధతిలో ఏటా ఎన్ని చేస్తున్నారు, వాటిలో ఎన్నిటిని మధ్యలో మార్చవలసి వచ్చింది, అనుకున్న గ్రాఫ్ట్‌లలో ఎన్ని పడ్డాయి? ఈ మూడు లెక్కలూ బిల్లుతో పాటు నమోదై, రోగి సంతకం పెట్టేముందు అతనికి తెలియాలి. చేతిని కొలవకుండా పద్ధతిని నిందించినా, పొగడినా అది పరిశోధన అనిపించుకోదు.