బందరు హల్వాలో గోధుమ ఎక్కడిది?

పదకొండేళ్ల తర్వాత మా ఊరు వెళ్లొచ్చాను. ఈ ఎపిసోడ్ దాని గురించే. మా ఊరు మచిలీపట్నం. ఆ పేరు బస్సు బోర్డు మీదా, ఆధార్ కార్డు మీదా ఉంటుంది. నోటి మాటగా మాత్రం అది బందరే. విజయవాడలో బందరు రోడ్డు, బందరు కాలవ మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ఆ రెండూ పోయేది మా ఊరికే.

సెలవులకి వెళ్లలేదు. నాయనమ్మ ఇల్లు అమ్మకానికి పెట్టారు, నాన్నకి ఒంట్లో బాలేక నన్ను వెళ్లమన్నారు. నాయనమ్మ పోయినప్పుడు నేను వేరే దేశంలో ఉన్నాను. రాలేకపోయాను. ఆ సంగతి మా మేనత్త మర్చిపోలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "ఏరా, ఇల్లు అమ్ముతుంటే గుర్తొచ్చిందా ఊరు?" అంది. నేనేం మాట్లాడలేదు. ఏమని మాట్లాడతాను? కాసేపటికి ఆవిడే లోపలికెళ్లి, స్టీలు పళ్లెంలో రెండు నల్ల హల్వా ముక్కలు, ఒక తొక్కుడు లడ్డు పెట్టి తెచ్చింది. "ముందు తిను, తర్వాత తిడతాను" అంది.

తిరుపతి లడ్డు అందరికీ తెలుసు. బందరు లడ్డు వేరు, బూందీతో చుట్టేది కాదు. శనగపిండి తడిపి, జంతికల్లా నూనెలో వత్తి వేయించి, వాటిని రోట్లో వేసి దంచుతారు. జల్లించి, బెల్లం పాకం పోసి, నెయ్యి వేస్తూ మళ్లీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు అన్నారు. నోట్లో వేసుకుంటే నమలాల్సిన పని పెద్దగా ఉండదు. దీనికి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇక హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీసి, తేర్చి, బెల్లం పాకంలో పోసి గంటల తరబడి కలుపుతూ ఉండాలి. నెయ్యి పోస్తూనే ఉండాలి. చివరికి అది నల్లగా, జిగటగా మెరుస్తుంది. చిన్నప్పుడు నాయనమ్మ చేతిలోంచి గరిటె లాక్కుని నేనూ కలిపేవాణ్ణి. రెండు నిమిషాలకే చెయ్యి నొప్పెట్టేది.

ఆ రోజు హల్వా తింటుంటే, చిన్నప్పుడెప్పుడూ రాని అనుమానం వచ్చింది. మాది కృష్ణా డెల్టా. ఎటు చూసినా వరి. గోధుమ చేను నేను మా వైపు ఒక్కటీ చూళ్లేదు. మరి మా ఊరి పేరు మోసే స్వీటు గోధుమతో ఎందుకు చేస్తున్నాం?

ఊరి పేరుతోనే మొదలుపెడదాం. బందరు అంటే పారశీకంలో రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ అని ఇప్పటికీ ఒక పెద్ద రేవుంది. వజ్రాల కోసం తిరిగిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే 1652లో అక్కడ ఓడెక్కి మా బందర్లో దిగాడు. ఆ ఓడ ఏ దొరలదో కాదు, గోల్కొండ సుల్తానుది. అప్పట్లో గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు తలుపు మా ఊరే. ఇక్కణ్ణుంచి నేత బట్టలు, కలంకారీ అద్దకాలు పోయేవి. కలంకారీ పెడనలో ఇంకా బతికే ఉంది, బందరు నుంచి ఆటోలో వెళ్లి చూడొచ్చు. డచ్చివాళ్లు 1600ల మొదట్లోనే వచ్చి కొట్లు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. తూర్పు తీరంలో వాళ్ల మొదటి స్థావరం మా ఊళ్లోనే. 1750 నుంచి 1759 దాకా ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. ఫోన్లో మ్యాప్ తీసి చూడండి: వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. మేం ఆ పేర్లు చెప్పే ఆటో ఎక్కుతాం, ఎవరూ అర్థం ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు లెండి.

ఓడల్లో వచ్చినవాళ్లే కాదు, నేల మీద నడిచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఉత్తరాదిన బుందేల్‌ఖండ్ నుంచి బొందిలీలు వచ్చారు. లడ్డు, హల్వా వాళ్ల చేతి విద్యే అని ఊళ్లో చెప్పుకుంటారు. హల్వా అనే మాటేమో అరబ్బీది. కలిపే బెల్లం మన చెరకుది. నా మట్టుకు నాకు ఆ నల్ల ముక్క ఇప్పుడు పాత రేవు సరుకుల చిట్టాలాగే కనిపిస్తోంది.

మరి ఆ రేవు ఏమైంది? ఎవర్నడిగినా ఉప్పెన అంటారు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదకి వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారు. మా ఇంట్లో కూడా పాత సంగతులు "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పేవాళ్లు. కానీ తప్పంతా ఉప్పెన మీద వేయడం నాకు ఒప్పుదల కాదు. ఇంగ్లీషువాళ్లు తీరంలో తమ పెద్ద స్థావరాన్ని 1641లోనే మద్రాసుకి మార్చేసుకున్నారు. రేవులో ఇసుక మేట వేస్తూ వచ్చింది, పెద్ద ఓడలు దూరంగా ఆగిపోయేవి. ఉప్పెన వచ్చేనాటికే ఊరు సగం చిక్కిపోయింది. కొత్త పోర్టు పనులు మళ్లీ 2023లో మొదలయ్యాయి. అత్తయ్యని అడిగితే, "ఓడ వచ్చాక చెప్పు, చూస్తాను" అంది.

సాయంత్రం ఇల్లు చూడ్డానికి వెళ్లాం. సామాను చాలావరకు ఎవరికి వాళ్లు పట్టుకుపోయారు. పెరట్లో నాయనమ్మ రోలు మాత్రం నేల్లో సగం పాతి ఉంది. కొనేవాళ్ల అబ్బాయి, "ఇది తీసేస్తారాండీ, లేకపోతే మేమే పగలగొట్టించేస్తాం" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు. అక్కడ వాళ్లు కారు పెట్టుకోవాలి. అత్తయ్య నా వైపు చూసింది. హైదరాబాద్‌లో నాది మూడో అంతస్తు ఫ్లాటు, రోలు పెట్టినా రోకలి పోటుకి కింద వాళ్లు ఊరుకోరు. ఆవిడ ఇంట్లో పెరడే లేదు.

"ఇందులో లడ్డు దంచి ఎన్నేళ్లయింది అత్తా?" అన్నాను.

"అమ్మ పోయిన ఏడాది సంక్రాంతికి. నీకు పార్సిల్ పంపాలని దంచింది. పంపేలోపే..." అని ఆపేసింది.

వచ్చేటప్పుడు కేజీ హల్వా డబ్బా చేతిలో పెట్టింది. కొట్లో కొన్నదే. రిజిస్ట్రేషన్ వచ్చే నెల్లో. నాన్నకి రోలు ఫోటో పంపాను, ఇంకా ఏమీ అనలేదు.