టికెట్టు వెయ్యి మందికి, కారు ఒక్కరికి

స్పోర్ట్స్ కారు ఖరీదు 60 వేల డాలర్లనుకుందాం. వంద డాలర్ల టికెట్లు వెయ్యి అచ్చు వేయించి, అన్నీ అమ్మితే లక్ష డాలర్లు చేతికొస్తాయి. కారు డబ్బు పోను 40 వేలు మిగులు. ఐదు వందలే అమ్ముడుపోతే? పది వేలు ఎదురు పెట్టుకోవాలి. మనం లక్కీ డ్రా అనేదాన్ని అమెరికా వాళ్లు రాఫిల్ అంటారు. అక్కడి కార్ల క్లబ్బులు నిధుల కోసం ఆడే ఆట ఇదే.

ఈ ఆట బాగా తెలిసిన చోటు కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్. షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కారు కార్వెట్ 1981 నుంచి ఈ ఊళ్లోనే తయారవుతోంది. ఫ్యాక్టరీకి దగ్గర్లోనే నేషనల్ కార్వెట్ మ్యూజియం ఉంది. అది కంపెనీ సొంతం కాదు, లాభాపేక్ష లేని సంస్థ. కొత్త కార్వెట్లను రాఫిల్‌లో పెట్టడం దాని ఆదాయ మార్గాల్లో ఒకటి. టికెట్లు ఇన్నేనని ముందే చెప్పేస్తారు కాబట్టి, తన వంతు వెయ్యిలో ఒకటో, రెండు వేలల్లో ఒకటో కొనేవాడికి తెలుస్తుంది.

కార్వెట్ మీద ఇంత అభిమానం మొదటి రోజు నుంచీ లేదు. 1953లో తొలి ఏడాది తయారైనవి 300 మాత్రమే. అన్నీ తెలుపే, అన్నిటికీ ఫైబర్‌గ్లాస్ ఒళ్లే. మరుసటి ఏడాది బాగా పెరిగిన ఉత్పత్తి, 1955లో 700కి పడిపోయింది. వీ8 ఇంజిన్ రావడం, జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు పట్టు వదలకపోవడం దాన్ని నిలబెట్టాయి. పాత కార్వెట్లను అచ్చం ఫ్యాక్టరీ నుంచి దిగినట్టు బాగుచేసుకునే వాళ్లు 1974లో ఒక సంఘం పెట్టుకున్నారు. పాత కాగితాలు, డ్రాయింగులు భద్రపరిచే చోటు కావాలన్న వాళ్ల ఆలోచన పెరిగి పెద్దదై, 1994 సెప్టెంబరులో మ్యూజియంగా తలుపులు తెరిచింది.

మ్యూజియానికీ లాటరీకీ చుట్టరికం అంతకంటే చాలా పాతది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం పుట్టింది లాటరీ డబ్బుతోనే. 1753లో పార్లమెంటు చట్టం చేసి, మూడు పౌండ్ల టికెట్లు లక్ష అమ్మించింది. వచ్చిన 3 లక్షల్లో 2 లక్షలు బహుమతులకు పోగా, ఖర్చులు తీసేస్తే 95 వేల పౌండ్ల దాకా మిగిలాయి. ఒక్కరే గుత్తగా కొనకూడదని చట్టంలో రాసుకున్నారు. అయినా పీటర్ లెహూప్ అనే నిర్వాహకుడు దొంగ పేర్ల మీద టికెట్లను వ్యాపారులకు కట్టబెట్టాడు. వాళ్లు ధర పెంచి జనానికి అమ్ముకున్నారు. విచారణలో అతనికి వెయ్యి పౌండ్ల జరిమానా పడింది.

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కథ ఇంకోలా నడిచింది. లక్ష డాలర్లు దాటిన అప్పు తీర్చడానికి ఆయన తన ఆస్తిని లాటరీలో పెడతానన్నాడు. 1826లో వర్జీనియా శాసనసభ సరేనంది. టికెట్లూ అచ్చయ్యాయి. జులై 4న ఆయన కన్నుమూశాడు. లాటరీ సాగలేదు. మాంటిసెల్లో ఇల్లు చివరికి అమ్ముడుపోయింది.

ఇప్పటి రాఫిల్‌కు షరతులు ఎక్కువే. యూటా, హవాయి రాష్ట్రాల్లో అసలు కుదరదు. కొన్న టికెట్టును విరాళంగా చూపి పన్ను మినహాయింపు అడగడానికి లేదు. కారు తగిలినా కష్టమే: 5 వేల డాలర్లు దాటిన బహుమతికి 24 శాతం పన్ను ముందే పట్టుకోవాలి. 80 వేల డాలర్ల కారైతే, ఆ లెక్కన తాళంచెవి అందుకోకముందే సుమారు 19 వేలు కట్టాలి. ఇక మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడిపితే ఆరు నెలల దాకా జైలు. కేరళలా ప్రభుత్వమే నడిపే చోట వేరు సంగతి. అక్కడ తొలి డ్రా 1968 జనవరి 26న తీశారు. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50 వేలు.

బౌలింగ్ గ్రీన్ మ్యూజియం పేరు ప్రపంచమంతా వినిపించింది మాత్రం ఒక ప్రమాదం వల్ల. 2014 ఫిబ్రవరి 12, తెల్లవారుజాము 5 గంటల 39 నిమిషాలు. స్కైడోమ్ హాల్లో మనిషి లేడు, కదలిక పసిగట్టే అలారం మోగింది. నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గోతిలో పడ్డాయి. ఆ ప్రాంతమంతా సున్నపురాయి. లోపల నీళ్లు తొలిచిన గుహలు. పేరున్న మామత్ కేవ్ అక్కడికి దగ్గరే.

మార్చి మొదట్లో క్రేన్‌తో ముందుగా నీలం రంగు జడ్ఆర్1 కార్వెట్‌ను పైకి లాగారు. మట్టి కొట్టుకుపోయిన ఆ 2009 కారు స్టార్ట్ అయింది, తనంతట తాను ముందుకు కదిలింది. అది, 1962 నాటి నల్ల కారు, 1992లో తయారైన పది లక్షలవ కార్వెట్ బాగుపడ్డాయి. మిగతా ఐదింటినీ నలిగినవి నలిగినట్టే ఉంచారు. గొయ్యి వార్తతో సందర్శకులు పోటెత్తడంతో, దాన్ని అలాగే వదిలేద్దామా అని కూడా ఆలోచించారు. ఖర్చు భరించలేమని తేలి పూడ్చేశారు. గొయ్యి ఎంత మేర తెరుచుకుందో, కింద గుహ ఎక్కడిదాకా ఉందో తెలిసేలా నేల మీద రంగు గీతలు గీశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు వాటి మీదుగానే నడుస్తూ, మట్టి అంటిన ఆ ఐదు కార్ల దగ్గరికి వెళ్తారు.