గడి కొలత – కొండ నేల: మందమర్రి పరిసరాల వాన సూచనపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మందమర్రి సింగరేణి బొగ్గుగనుల పట్టణం. దీనికి దక్షిణాన గోదావరి లోయ, పశ్చిమ వాయవ్యాలలో ఆదిలాబాద్ కొండలు ఉన్నాయి. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనాలు వాయవ్యంగా కదిలేటప్పుడు తేమగాలులు ఈ కొండలను తాకి పైకి లేస్తాయి. అందువల్ల ఒక లోయలో కుంభవృష్టి కురిసినా పక్క లోయలో జల్లుతోనే సరిపోవచ్చు. ఇటువంటి నేలకు జిల్లా సగటు సూచన ఎంతవరకు చాలుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

1. కడెం ఇచ్చిన సాక్ష్యం

బోథ్ కొండల్లో పుట్టి కుంటాల వద్ద జలపాతంగా దూకే కడెం వాగు, మంచిర్యాలకు ఎగువన గోదావరిలో కలుస్తుంది. దీని పరీవాహక ప్రాంతం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. 1958 ఆగస్టులో వరద కడెం ఆనకట్ట మీదుగా పొర్లడంతో కట్టకు గండ్లు పడ్డాయి. 2022 జులైలో జలాశయంలోకి సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. 18 గేట్ల విడుదల సామర్థ్యం సుమారు 3 లక్షల క్యూసెక్కులే. అదే వరదకాలంలో మంచిర్యాల పట్టణంలోని లోతట్టు ప్రాంతాలు నీట మునిగాయి.

2. గడి కుదింపు చరిత్ర

సంఖ్యాత్మక సూచనలో వాతావరణాన్ని గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి సమీకరణాలను సాధిస్తారు. 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ప్రకటించిన తొలి ప్రయత్నంలో గడి వెడల్పు దాదాపు 200 కిలోమీటర్లు. 16,105 చదరపు కిలోమీటర్ల పూర్వపు ఆదిలాబాద్ జిల్లా అటువంటి గడిలో సగం కూడా నిండదు. 1988లో ఏర్పడిన జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం భారతదేశంలో ఈ పద్ధతిని ముందుకు తీసుకెళ్లింది. 2018లో 12 కిలోమీటర్ల ఎన్సెంబుల్ నమూనా, 2025 మే నెలలో 6 కిలోమీటర్ల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అమలులోకి వచ్చాయి.

కడెం పరీవాహకాన్ని 12 కిలోమీటర్ల నమూనా సుమారు 18 గడులలోనూ, 6 కిలోమీటర్లది 72 గడులలోనూ, 3 కిలోమీటర్లది 290 గడులలోనూ చూస్తుంది. పెద్ద గడిలో శిఖరం, లోయ కలిసి ఒకే సగటు ఎత్తు అవుతాయి. కొండ ప్రభావం మాసిపోతుంది. అయితే గడి వెడల్పు సగమైతే కాలపు అడుగు కూడా సగం కావలసి ఉన్నందున గణన సుమారు 8 రెట్లు పెరుగుతుంది.

3. సూక్ష్మతకు హద్దులు

చిన్న గడి మాత్రమే కచ్చితత్వాన్ని ఇవ్వదు. నిటారు వాలులపై నేలరూపాన్ని అనుసరించే నిర్దేశాంకాల వల్ల పీడన గణనలో దోషాలు చేరుతాయి. కొండల నడుమ వర్షమాపకాలు, రాడార్ పరిశీలనలు పలుచగా ఉంటే ఆరంభస్థితిలోని పొరపాటు సూక్ష్మ గడులలోనూ కొనసాగుతుంది. మేఘం సరైన లోయకు రెండు గడుల అవతల కురిసినట్టు నమూనా చూపితే, సూచన పటం సరిగ్గానే కనిపించినా వరద లెక్క తప్పుతుంది.

ముగింపు

రామకృష్ణాపూర్ ఓపెన్‌కాస్ట్ గనిలో పంపుల ఏర్పాటుకైనా, కడెం గేట్లను ముందుగా ఎత్తడానికైనా కావలసింది ఏ లోయలో, ఎన్ని గంటలలో, ఎంత వాన అన్న సమాధానం. అందుకు సూక్ష్మ నమూనాతోపాటు మండలస్థాయి స్వయంచాలక వాతావరణ కేంద్రాల నమోదులు, ప్రతి వరద తరువాత సూచనను వాస్తవంతో సరిపోల్చే అలవాటు అవసరం. 1958, 2022 వరదలను ఒకే వరుసలో చదివితే తేలేది ఇదే: గడి ఎంత చిన్నదైనా, దానిని సరిచూసే కొలత కొండ మీద ఉండాలి.