రైలు పోయింది, దారి మిగిలింది: లిటిల్ మయామి ట్రయిల్ కథ

ఈరోజు అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వెళ్దాం. సిన్సినాటి పక్కన మొదలై స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా దాదాపు 125 కిలోమీటర్ల నున్నటి దారి ఉంది. అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి సూర్యాపేట అంత దూరం. ఒకపక్క లిటిల్ మయామి నది, ఇంకోపక్క చెట్లు, మొక్కజొన్న చేలు, చిన్న చిన్న ఊళ్లు. సైకిళ్లు, నడిచేవాళ్లు, వీల్‌చెయిర్లు తప్ప ట్రయిల్ మీదకి మోటారు బండ్లు రాకూడదు.

మ్యాప్‌లో దీన్ని జూమ్ చేస్తే నాకు ముందు ఒక డౌట్ వచ్చింది. ఇంత పొడవునా పెద్ద ఎత్తుపల్లాలే లేవు, ఎలా? జవాబు సింపుల్. ఇది ఒకప్పుడు రైల్వే లైను.

ఇనప పట్టా మీద ఇనప చక్రానికి పట్టు తక్కువ. వంద మీటర్లకి ఒకటి రెండు మీటర్లు ఎక్కాలన్నా ఇంజన్ ఆయాసపడుతుంది. అందుకే అప్పటి ఇంజనీర్లు కొండలు తవ్వే ఖర్చు లేకుండా నది లోయ పట్టుకుని వెళ్లారు. నది రైలుకి దారి చూపించింది, రైలు సైకిల్‌కి దారి చదును చేసి పెట్టింది.

లిటిల్ మయామి రైల్‌రోడ్ కంపెనీకి 1836లో అనుమతి వచ్చింది. 1846కల్లా లైను స్ప్రింగ్‌ఫీల్డ్ చేరింది. 1861 ఫిబ్రవరి 13న, ప్రమాణ స్వీకారానికి వాషింగ్టన్ వెళ్తూ అబ్రహాం లింకన్ సిన్సినాటి నుంచి జీనియా దాకా ఈ లైను మీదే వెళ్లాడు. కింగ్స్ మిల్స్ అనే ఊళ్లో తుపాకీ మందు ఫ్యాక్టరీ ఉండేది. 1890లో అక్కడ మందు వ్యాగన్లు పేలి పదిమందికి పైగా చనిపోయారు. ఈరోజు సైకిళ్లు వెళ్లేది ఆ ఊరి పక్కనుంచే.

తర్వాత హైవేలు వచ్చాయి, సరుకంతా లారీలెక్కింది. లైను నడిపే పెన్ సెంట్రల్ కంపెనీ 1970లో దివాలా తీసింది. రైళ్లు ఆగిపోయాయి. ఒహాయో ప్రభుత్వం లైనులో పెద్ద భాగాన్ని కొని స్టేట్ పార్క్ చేసింది.

అన్ని లైన్లకీ ఆ అదృష్టం లేదు. 1916లో అమెరికాలో 4 లక్షల కిలోమీటర్ల పైచిలుకు రైలు మార్గం ఉండేది. తర్వాత వేల కిలోమీటర్లు మూతపడ్డాయి. చాలాచోట్ల రైల్వేది సొంత భూమి కాదు, దాని మీదుగా వెళ్లే హక్కు మాత్రమే. రైలు ఆగితే ఆ హక్కు పోయి నేల పక్క రైతుకి వెళ్తుంది. మధ్యలో ఒక్క ముక్క పోయినా మొత్తం దారి తెగినట్టే. మళ్లీ అతికించడం దాదాపు అసాధ్యం.

అందుకే 1983లో ఒక చట్టం తెచ్చారు. రేపెప్పుడైనా రైలు మళ్లీ కావాలి కాబట్టి దారిని మూసేసినట్టు లెక్కపెట్టొద్దు, అప్పటిదాకా ట్రయిల్‌గా వాడుకోండి అని. మన భాషలో చెప్పాలంటే, ప్రాజెక్ట్ ఆగినా కోడ్ డిలీట్ చేయకుండా ఆర్కైవ్‌లో పెట్టడం.

కానీ ఆ నేల యజమాని వైపు నుంచి చూడండి. రైలు పోతే నా భూమి నాకొస్తుందని తరాలుగా ఎదురుచూసినవాడికి ఇది అన్యాయమే కదా? వెర్మాంట్‌లో ఒక కుటుంబం కోర్టుకెళ్లింది. 1990లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది, నష్టపోయామనుకున్న యజమానులు ప్రభుత్వాన్ని పరిహారం అడగొచ్చని కూడా చెప్పింది. నాకు ఆ తీర్పులో నచ్చింది ఈ రెండో సగమే. అందరికీ పనికొచ్చే దారికి ధర ఒక్కడే కట్టకూడదు.

ఇప్పుడు లవ్‌లాండ్ లాంటి చిన్న ఊళ్లలో సైకిల్ అద్దె షాపులు, కేఫ్‌లు ఈ ట్రయిల్‌ని నమ్ముకుని నడుస్తున్నాయి. సిన్సినాటి నుంచి క్లీవ్‌లాండ్ దాకా 500 కిలోమీటర్లు దాటిన ఒహాయో టు ఈరీ ట్రయిల్‌లో ఇదొక భాగం. మేసన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకి ఇది కారులో కొద్ది దూరమే.

పట్టాలు పాత ఇనుము కింద అమ్ముడుపోతాయి. తెగని దారిని మాత్రం మళ్లీ కొనలేం. మీ ఊళ్లో రైళ్లు ఆగిపోయిన పాత లైను ఉందా? ఇప్పుడు దాని మీద ఏముంది? కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.